నూకరాజు నున్నటి మేకు

ఏటికొప్పాకలో నూకరాజని ఒక లక్కబొమ్మల పనోడు ఉండేవాడు, పనిలో దిట్టే గానీ ఒకర్ని ఏదైనా అడగాలంటే వాడికి మహా నామోషీ. వాడు అంకుడు కర్రకి లక్క పట్టించి మొగలాకుతో రుద్దాడంటే, ఆ మెరుపుకి తెల్లారిందనుకుని వీధిలో కోళ్లు కూసేవి. ఒకసారి వాడి బొంగరం మీద వాలిన ఈగ జారిపడి నడుం విరగ్గొట్టుకుంది. నమ్మకపోతే వెళ్లి ఆ ఈగనే అడగండి.

పక్కింట్లో వాడి వదిన పైడితల్లిదీ అదే పని. ఊళ్లో గొప్ప పనివాళ్లెవరంటే సగం మంది వాడి పేరు, సగం మంది ఆమె పేరు చెప్పేవారు. ఆ రెండో సగం మాటే నూకరాజుకి మింగుడుపడేది కాదు.

ఒకరోజు విశాఖపట్నం నుంచి గోల్ఫ్ మైదానం మేనేజరు వచ్చాడు. గోల్ఫులో బంతిని కొట్టేముందు నేలలో చిన్న కర్ర మేకు గుచ్చి, దాని నెత్తిన బంతి నిలబెడతారు. దాన్ని టీ అంటారు. ఆ టీలు చేయించడానికే ఆయన వదినా మరుదుల్ని పిలిచాడు.

"ఆదివారం మా ఆటగాళ్ల ముందే పరీక్ష. ఎవరి టీ నచ్చితే ఏడాదంతా పని వాళ్లకే," అన్నాడాయన.

"వదినా, నువ్వు రావడం దండగ. బస్సులో కూకుని నడుం నొప్పి తెచ్చుకోకు," అన్నాడు నూకరాజు.

"నా నడుం సంగతికేం గానీ మరిదీ, ఆ ఆట నువ్వెప్పుడైనా సూసినావా?"

"మేకు సెయ్యడానికి ఆటెందుకు సూడాలి? పెళ్లిపీట సేసినోడు పెళ్లికి ఎల్తాడేటి?"

పైడితల్లి నవ్వేసింది. మర్నాడే మైదానానికెళ్లి, గడ్డి కోసే మరిడమ్మ పక్కన కూర్చుని రోజంతా ఆట చూసింది. నూకరాజేమో ఇల్లు కదలకుండా, అడుగు నుంచి నెత్తిమీది గుంట దాకా టీలన్నిటినీ అద్దంలా రుద్దాడు.

ఆదివారం వాడి టీలు చూసి అందరూ "అబ్బ" అన్నారు. నూకరాజు మీసం అక్కడికక్కడే రెండంగుళాలు పెరిగింది. ఓ పొట్టాయన టీ గుచ్చి బంతి పెట్టాడు. జారింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. పదకొండోసారి ఆయన వంగినవాడు వంగినట్టే ఉండిపోతే, నలుగురు పట్టుకుని నిటారుగా చేశారు.

పైడితల్లి టీలకి లక్క కాడమీదే ఉంది. గుంటని గరుగ్గా వదిలేసింది. బంతి దానిమీద పొదిగే కోడిలా కదలకుండా కూర్చుంది. పని ఆమెకే దక్కింది.

తిరుగు బస్సు అనకాపల్లి దాటాక నూకరాజు వదిన పక్క సీటుకి జరిగాడు.

"వదినా, గుంటకి లక్కెందుకు పుయ్యలేదు?"

"నున్నగుంటే బంతి జారిపోద్దని మరిడమ్మ సెప్పింది. టీలు గడ్డిలో పడితే కనపడవని కూడా సెప్పింది. దానికే నాకు ఉపాయం తోచలేదు."

మర్నాడు నూకరాజు మొదటి బస్సుకే మైదానానికి వెళ్లాడు. "అప్పా, గడ్డిలో ఏ రంగు బాగా కనపడతాది?" అని మరిడమ్మని అడిగాడు. అడిగితే మీసం రాలిపోలేదు.

ఇంటికొచ్చి, గుంట గరుగ్గా ఉంచి, కాడకి పసుపు లక్క పట్టించి, ఎర్రగీత తీశాడు. అది గడ్డిలో పడితే పైన పోయే విమానంలోవాళ్లు కూడా వేలెట్టి చూపించేవారు. తీసుకెళ్లి చూపిస్తే మేనేజరు మురిసిపోయి పని ఇద్దరికీ చెరిసగం చేశాడు.

"ఉండు మరిదీ, దీన్ని మించింది సేస్తాను," అంది పైడితల్లి.

"సెయ్యి వదినా. మరిడమ్మని అడిగే సెయ్యి," అన్నాడు నూకరాజు.

నీతి: ఎంత గొప్ప పనివాడైనా, వస్తువుని వాడే చోటు చూసి, తెలిసినవాళ్లని అడిగి చేస్తేనే అది పదిమందికీ పనికొస్తుంది.