వంతెన మోసే అన్నలు

పిల్లలూ, మన ఏరు మీరు చూడలేదు. దాని మీది వంతెన కథ మీకెవరూ చెప్పలేదు. దగ్గరికి జరగండి. కొంచెం బాధగా ఉంటుంది, అయినా వినాలి.

అనగనగా ఏటి ఒడ్డున చిన్న ఊరు, దానికో రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. కాలకేతుడనే మాయావి ఆ ఏటి మీద వంతెన నిలవనిచ్చేవాడు కాదు. కట్టారు, కూలింది. మళ్లీ కట్టారు, మళ్లీ కూలింది. మూడోసారి జనం నడుస్తుండగానే ఊగింది. పెద్దవాడు నీళ్లలోకి దూకి భుజం ఆనించాడు. మాయావి శపిస్తే రాతిస్తంభమయ్యాడు. రెండోవాడు దూకాడు. అతనూ రాయైపోయాడు. వంతెన మాత్రం నిలిచింది.

చిన్నవాడు ధీరసేనుడికి ముద్ద దిగలేదు. ఏడుస్తూ కూర్చుంటే ఒక నీటికుక్క వచ్చింది.

"మాయావి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంది. వాళ్లు రాళ్లై ఏడాది నిండేరోజు పొద్దుగుంకేలోగా దాన్ని ఈ ఏటి గట్టుకు తెచ్చి మెడ నులిమితే నీ అన్నలు లేస్తారు. పొద్దు దాటితే ఎప్పటికీ రాళ్లే. నా వీపెక్కు!"

ఏడు సముద్రాలూ దాటాడు. చిలుకను తెచ్చాడు. అవతలి గట్టు చేరేసరికి ఏడాది చివరి సాయంత్రం. వంతెన నిండా సంత నుంచి ఇళ్లకు పోయే జనం.

"నులుము మరి!" చిలుక నవ్వింది. "అన్నలు లేస్తారు, వంతెన కూలుతుంది, నీ జనం నీళ్లపాలు!"

ధీరసేనుడు కొత్తవాళ్లను ఎక్కనివ్వకుండా ఆపాడు. ఎక్కినవాళ్లు దాటేశారు. ఒక్క అవ్వ మిగిలింది, నెత్తిన గంపతో. ఇంకాస్తలో గట్టు. పొద్దు కొండను తాకింది. అతను ఆత్రం పట్టలేక కేకేశాడు.

"అవ్వా, తొందరగా!"

అవ్వ ఆగిపోయింది. "ఎవర్రా వెనక నుంచి పిలిచింది? బుద్ధుందా?" అంటూ గంప దించి కూలబడింది. వెనక నుంచి పిలిస్తే ఆ ఊరివాళ్లు కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి గానీ కదలరు.

"లే అవ్వా, నీ కాళ్లు మొక్కుతా!"

"ఉండు నాయనా, కీడు పోనీ!"

పరుగెత్తుకెళ్లి ఆమెను ఎత్తుకుని గట్టు చేర్చాడు. అప్పటికే పొద్దు గుంకింది. చిలుక మెడ నులిమాడు. మాయావి చచ్చాడు. అన్నలు లేవలేదు.

ధీరసేనుడు రాజయ్యాడు. పెళ్లయింది. చాలాకాలం ఏలాడు. రోజూ నీళ్లలోకి దిగి, స్తంభాలకు చెంప ఆనించి, "అన్నా, బరువుగా ఉందా?" అని అడిగేవాడు.

ఇప్పటికీ ఆ వంతెన దాటేవాళ్లు రాతిని తాకి అదే మాట అడుగుతారు. మీరు అక్కడికి ఎప్పుడైనా వెళ్తారో లేదో. వెళ్లకపోయినా, కింద ఇద్దరు మోస్తున్నారని మీ పిల్లలకు చెప్పండి.