సారసాల మజిలీ

ఒకానొక రాజ్యంలో రాజుగారి కంటే ముందు ఆయన మీసాలు సభలోకి వచ్చేవి. ఆయన పేరు భుజబలరాయలు.

ఒకనాడు రాయలు కొలువులో, "కోట పక్కనున్న చిత్తడి నేల పూడ్పించి, అక్కడ మా విజయస్తంభం నిలబెట్టండి!" అని ఆజ్ఞాపించాడు. ఏ యుద్ధం గెలిచారని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆస్థాన విదూషకుడు మాచనకు మాత్రం ఆ ఆజ్ఞ మింగుడుపడలేదు. అతడు పుట్టి పెరిగింది ఆ చిత్తడి గట్టునే. ఏటా చలికాలంలో సారసపక్షులు ఉత్తరాది నుంచి దక్షిణాదికి పోతూ అక్కడ దిగేవి. దుంపలూ నత్తలూ తిని, సేదతీరి మళ్లీ ఎగిరేవి. దారిలో ఇలాంటి నేలలు పూడిపోతూ ఉంటే ఏటికేడు వాటి గుంపు చిక్కిపోతోంది.

"మహాప్రభూ, మరి సారసాలు ఎక్కడ దిగుతాయి?" అన్నాడు మాచన.

"ఉత్తరాన ఓ సరస్సుంది, దక్షిణాన ఓ సరస్సుంది. మధ్యలో ఇదొక్కటి లేకపోతే కొంపలేం మునగవు!"

"చిత్తం" అని మాచన ఊరుకున్నాడు.

పని మొదలు కాకముందే రాయలకు అత్తవారింటి నుంచి పిలుపు వచ్చింది. ప్రయాణం ఏర్పాట్లు మాచన నెత్తిన పడ్డాయి. రాజు కదిలితే పూటకో మజిలీ, అక్కడ చలువపందిరి, పిండివంటలు ఉండి తీరాలి. అది ఆ రాజ్యంలో తాతల నాటి ఆచారం.

ఉదయం మజిలీలో రాయలు సుష్ఠుగా తిన్నాడు. మధ్యాహ్నానికి ఎండ మాడ్చేస్తోంది. పల్లకి దిగి చూస్తే పందిరి లేదు, పొయ్యి లేదు, చుట్టూ బీడు.

"మజిలీ ఏదిరా మాచనా?"

"తీయించేశాను మహాప్రభూ. పొద్దున ఒకటి అయింది, సాయంత్రానికి ఒకటి ఉంది. మధ్యలో ఇదొక్కటి లేకపోతే కొంపలేం మునగవు."

"కొంపల సంగతి తర్వాత! ఆకలికి నా ప్రాణం పోతోంది. నీ తల తీయించేస్తాను!"

"చిత్తం. కాని ఏలినవారు పల్లకిలో కూర్చుని వచ్చారు. సారసాలు రెక్కలాడిస్తూ వస్తాయి."

రాయలు బదులిచ్చేలోగా ఆయన కడుపు గుర్రుమంది. అది విని ఆయనకే నవ్వాగలేదు. మీసాలు ఊగేలా నవ్వాడు.

"స్తంభం వద్దు, గింభం వద్దు! ఆ నేల జోలికి ఎవడూ పోకూడదు. అది సారసాల మజిలీ. ముందు నా తిండి సంగతి చూడరా!"

మాచన చప్పట్లు కొట్టాడు. గుట్ట వెనక నుంచి వంటవాళ్లు గంగాళాలు మోసుకొచ్చారు. రాయలు మెడలోని ముత్యాలహారం తీసి మాచనకు వేసి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"నాకూ ఓ విస్తరి వేయించండి మహాప్రభూ. పొద్దుటి నుంచి నేను పస్తే."

ఆ చలికాలం సారసాలు దిగాయని తెలిసి రాయలు స్వయంగా గట్టుకు వెళ్లాడు. భటుడు బిరుదులు చదవబోతూ గొంతు సవరించుకున్నాడు. రాయలు గబుక్కున వాడి నోరు మూశాడు.

"అరవకురా! అతిథులు భోజనాల దగ్గర ఉన్నారు."