కిందికి పంపిన చేప

అసిరయ్య గురువుగారిని గట్టు మీద ప్రశ్న అడిగితే చెవుడు వచ్చినవారిలా కూర్చునేవారు. పుట్టింది జాలరి ఇంట్లో. గురువయ్యాక కూడా వేట మానలేదు. ఆయన్ని ఏదైనా అడగాలంటే పడవ ఎక్కాల్సిందే. ఎక్కినవాళ్లు కడుపులో తిప్పి వాంతి చేసుకోవడమే తప్ప, జవాబు విని తృప్తిగా దిగడం నేను పెద్దగా చూడలేదు. ఇంజను దగ్గర కూర్చునేది నేనే కదా, నాకు తెలీదా!

ఆ రోజు తెల్లారకుండానే వరహాలు ఎక్కాడు. ఎక్కాడే గాని ఒక్కచోట కుదురుగా కూర్చుంటే ఒట్టు. వాడి చెల్లెలు పైడమ్మకి ఒక్కతే కూతురు. వానాకాలంలో జ్వరమొచ్చి పోయింది. అప్పట్నించి పైడమ్మ ఆ పిల్ల పడుకునే గదిలోనే, కిటికీలు మూసుకుని ఉండిపోయింది. ఆ సాయంత్రం చుట్టాలింట్లో పెళ్లి. వరహాలు పట్టుచీర కొన్నాడు, పూలు కొన్నాడు, కారు మాట్లాడి గట్టు మీద ఆపి వచ్చాడు.

"ఈడ్చుకొచ్చైనా కారెక్కిస్తాను గురువుగారూ. నలుగురిలో పడితే అదే మనిషవుతుంది. తప్పంటారా?"

గురువుగారు గేలం తాడు లాగుతున్నారు. తాడు చుట్టలు చుట్టలుగా పడవ నిండాక, చివర ఒక ఎర్రటి చేప వచ్చింది. ఎండ పొడ తగలని లోతులో, రాతి సందుల్లో బతికే జాతి అది. అక్కడ చీకటి గనక కళ్లు ఇంతింత ఉంటాయి. మీదున్న నీళ్ల బరువంతా మోయడానికే దాని ఒళ్లు అలవాటు పడింది. ఆ బరువు ఒక్కసారిగా తీసేసరికి పొట్ట బూరలా ఉబ్బింది, గుడ్లు బయటికొచ్చాయి, కడుపులోది నోట్లోకొచ్చింది.

"అయ్యయ్యో, చచ్చిపోతోంది!" అంటూ వరహాలు దాన్ని ముల్లు ఊడదీసి నీళ్లలో వదిలాడు. అది మునగలేదు. వెల్లకిలా తేలుతూ తోక కొట్టుకుంది. చేత్తో లోపలికి నొక్కాడు. మళ్లీ తేలింది.

"నీళ్లలోనే కదండీ వేశాను! ఇంకేం కావాలి దీనికి?"

గురువుగారు చేపని అందుకుని, గుంజితే ఊడొచ్చేలా ముల్లు తిరగేసి కింది దవడకి తగిలించి, తాడుకి రాయి కట్టి, తాడు వాడి చేతికిచ్చారు.

"దింపు. మెల్లగా."

వరహాలు దింపాడు. నిమిషానికోసారి గట్టున్న వైపు చూస్తూ, "చాలా?" అంటాడు. "ఇంకా," అంటారు ఈయన. అరచేతులు ఎర్రబడ్డాయి. తాడు చివరికొచ్చాక గట్టిగా గుంజమన్నారు. గుంజాడు. ముల్లు ఊడింది.

"బతుకుతుందా అండీ?"

"తెలీదురా. ఇంటికైతే చేరింది."

వరహాలు భోరుమన్నాడు. "అయితే నా చెల్లెల్ని ఆ చీకట్లో అలా వదిలెయ్యమంటారా? తిండైనా సరిగ్గా తినట్లేదండీ!"

"ఆ గదిలోకి నువ్వెప్పుడైనా వెళ్లావా?"

వాడు చేతులు చూసుకున్నాడు. "లేదండీ. గుమ్మంలోంచే పిలుస్తాను. లోపల కొక్కేనికి ఆ పిల్ల గౌను అలాగే ఉంది. నేను చూడలేను."

నేను ఇంజను వేసి పడవని వెనక్కి తిప్పాను. గట్టు మీద డ్రైవరు హారన్ వాయించేస్తున్నాడు. గురువుగారు తడి తాడు చుట్టుకుంటూ, "కారు పంపించెయ్. నువ్వెళ్లి ఆ గదిలో కూర్చో," అన్నారు.

వరహాలు ఇసకలో కాస్త దూరం నడిచాక మళ్లీ కేకేశారు.

"ఒరే, లైటు మాత్రం వెయ్యకు."