ఒక్కరికే చెప్పిన దారి

జపాన్‌లోని ఒక పాత నగరంలో, యనగిమాచి అనే వీధిలో, గెన్‌జిరో అనే మిఠాయిల వ్యాపారి ఉండేవాడు. మంచివాడే కానీ, అతని నోట్లో నువ్వుగింజ నానేది కాదు. నలుగురు చుట్టూ చేరితే చాలు, తెలిసినదంతా చెప్పేసేవాడు.

ఆ వీధి గెయిషాలది. ముఖానికి తెల్లరంగు పూసుకుని, పట్టు కిమోనోలు కట్టుకుని, అతిథుల ముందు ఆడిపాడే కళాకారిణులు వాళ్లు. ఒకప్పుడు సాయంత్రమైతే అక్కడ వాళ్ల చెక్క చెప్పుల చప్పుడు తప్ప మరేమీ వినిపించేది కాదు. రానురాను పాత ఇళ్లు ఒక్కొక్కటే కాఫీ దుకాణాలయ్యాయి, కిమోనోలు అద్దెకిచ్చే కొట్లయ్యాయి. ఫోన్లు పట్టుకుని యాత్రికులు గుంపులు గుంపులుగా రాసాగారు.

"గెయిషాలు ఎక్కడ కనిపిస్తారు?" అని వాళ్లు అడిగేవారు. గెన్‌జిరో సంబరంగా చూపించేవాడు.

ఆ వీధి అమ్మాయిలకు నాట్యం నేర్పే ఒకాయో అనే గురువు ఒకసారి అతని దగ్గరికి వచ్చింది. "గెన్‌జిరో గారూ, మా పిల్లల రాకపోకలు బయటివాళ్లకు చెప్పకండి. బెదిరిపోతున్నారు" అంది.

"చూస్తే అరిగిపోతారా అమ్మా?" అని అతను నవ్వేశాడు.

ఒకాయో శిష్యురాలు సుజుహాకు పదిహేడేళ్లు. ఆమె మొదటిసారి రంగస్థలం ఎక్కే రోజు వచ్చింది. పొద్దున్నే మిఠాయి దుకాణానికి వచ్చి, "మామయ్యా, పెద్దవీధి నిండా జనమే. నేను కాలువ పక్క సందులోంచి వెళ్తాను. నన్ను అటు వెళ్తుండగా చూసినా ఎవరితోనూ అనకండి" అంది.

"అలాగే తల్లీ" అన్నాడు గెన్‌జిరో.

మధ్యాహ్నం యాత్రికులు ఉసూరుమంటూ దుకాణం ముందుకు చేరారు. "ఇవాళ ఒక్కరూ కనపడలేదే!" అన్నారు. గెన్‌జిరో ఉండబట్టలేకపోయాడు. గొంతు తగ్గించి, "కాలువ పక్క సందుకు వెళ్లండి" అన్నాడు. వాళ్లు పొంగిపోయి, అతన్ని మధ్యలో నిలబెట్టి ఫోటో దిగి మరీ వెళ్లారు.

కాసేపటికి సందులోంచి కేక వినిపించింది. గెన్‌జిరో పరుగెత్తాడు.

సుజుహా కాలువ మెట్ల మీద పడి ఉంది. ఆమె కిమోనో చేతి నుంచి చిరిగిన పట్టుగుడ్డ ముక్క ఎవరి పిడికిట్లోనో ఉంది. ఆమె కాలు మోకాలి కింద వంకరగా తిరిగిపోయింది. చుట్టూ అంతమంది ఉన్నా ఒక్కరూ చెయ్యి అందించలేదు. ఆ చేతుల్లో ఫోన్లున్నాయి. ఇంకా ఫోటోలు తీస్తూనే ఉన్నారు.

గెన్‌జిరో జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాడు.

సుజుహా అతన్ని చూసింది. ఏడవలేదు. "ఈ దారి మీకొక్కరికే చెప్పాను మామయ్యా" అంది.

వైద్యులు ఎముక అతికించారు. కానీ ఆ కాలు ఇక నాట్యానికి పనికిరాదన్నారు.

చలికాలంలో ఒక ఉదయం, తెల్లరంగూ కిమోనో లేకుండా, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక అమ్మాయి చేతికర్ర ఆనుకుని బస్సు కోసం నిలబడి ఉంది. గెన్‌జిరో జాలిపడి, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు. ఆమె ముఖం తిప్పుకుని బస్సెక్కింది.

సాగనంపడానికి వచ్చిన ఒకాయో అతని వైపు తిరిగింది. "సుజుహాని పోల్చుకోలేదా?" అంది.

గెన్‌జిరో బస్సు వెంట పరుగెత్తాడు, కానీ అది అప్పటికే మలుపు తిరిగిపోయింది.

మనల్ని నమ్మి చెప్పిన మాట మన సొత్తు కాదు. నలుగురి మెప్పు కోసం దాన్ని బయటపెడితే, నమ్మినవారి బతుకే బలైపోతుంది.