ఏటిపాల చెట్టు మీది ప్రాణం

ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరికీ కత్తులంటే మోజు. చిన్నవాడు కేదారుడికి బుట్టలల్లే సింగారి అంటే ప్రాణం.

ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి వెళ్ళిన తొలిరోజే కేదారుడు బుట్టలల్లే ఏటిపాల చెట్టు కొమ్మను గబుక్కున నరికాడు. కొమ్మకు పట్టిన పేనుబంక పురుగులు చితికి అరచేయి ఎర్రబడింది.

"పెళ్ళికి ముందే గోరింటాకా, రాజుగారూ?" అని సింగారి పకపకా నవ్వింది. "ముందు కొమ్మను తట్టాలయ్యా! పురుగులు రాలిపోతాయి. అప్పుడు కొయ్యాలి."

ఆ సింగారినే కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. పోతూ పోతూ, "నా ప్రాణం చిలకలో దాచేంత వెర్రివాణ్ణి కాదు! ఏడు సముద్రాల అవతల ఏటిపాల చెట్టు మీద, ఒక పేనుబంకలో ఉంది. వేరే పురుగును చంపితే రాయైపోతారు!" అని అరిచాడు.

పెద్దవాడు ఓడలో వెళ్ళి కత్తి దూసి, చేతికందిన పురుగును నరికాడు. రాయైపోయాడు. రెండోవాడు ఓడలో వెళ్ళి కత్తి దూసి, చేతికందిన పురుగును నరికాడు. వాడూ రాయైపోయాడు. కేదారుడు సింగారి అల్లిన పుట్టిలో ఏడు సముద్రాలూ దాటాడు.

చెట్టు నిండా పురుగులే! అన్నిటికీ వీపున ముల్లు, అన్నీ ఒకేలా ఉన్నాయి. కరాళుడు ఆ చెట్టుకే కట్టేసిన సింగారి కళ్ళనిండా నీళ్ళు. ఇంతలో కొమ్మ మీది చీమ, "నాయనా, ఇవి మా పాడి ఆవులు. తియ్యటి చుక్క ఇస్తాయి. చంపకు!" అని బతిమాలింది.

"చంపనమ్మా," అని కేదారుడు కత్తి పక్కన పెట్టి, కొమ్మను మెల్లగా తట్టాడు.

అంతే! ఒకదానికి అదురు తగలగానే వందల పురుగులూ ఒక్కసారిగా వెనక కాళ్ళెత్తి ఝాడించాయి. ఒక్కటి మాత్రం కదలలేదు.

"అది మాకు ఏనాడూ చుక్కైనా ఇవ్వలేదు," అంది చీమ.

"తోటివాళ్ళు వణికిపోతుంటే కదలనిది పురుగు కాదు, కరాళుడే!" అని కేదారుడు దాన్ని గుప్పిట నలిపేశాడు. ఎక్కడో మాంత్రికుడు పెనుకేక వేసి కూలాడు. రాళ్ళు మళ్ళీ అన్నలయ్యాయి. సింగారి కట్లు తెగిపోయాయి.

ఆమె అతని ఎర్రటి అరచేయి చూసి, "గోరింటాకు ఇప్పుడు పండింది, ఇక పెళ్ళే!" అంది.

పెళ్ళయింది. కేదారుడు సింగారితో కలిసి తలలు నెరిసేదాకా రాజ్యమేలాడు. ఆ రాజ్యంలో ఒకరికి దెబ్బ తగిలితే ఊరంతా కదిలేది.