మూడు చేతుల చాదర్

గురువారం సాయంత్రం దర్గా మెట్లెక్కేసరికే రవళి మనసులో తీర్పు రాసేసుకుంది. దాని మీద బాబా చేత ఊ అనిపించుకుంటే చాలు, మిగతాది కమిటీ చూసుకుంటుంది.

రవళి ఆ బొగ్గుగనుల ఊరి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్. ఈ సీజన్‌లో జట్టు గెలుపు మొహం చూడలేదు. ఆదివారం ఆట కూడా పోతే కింది లీగ్‌కు జారిపోతుంది. కింది లీగ్ జట్టుకు మైదానం ఇవ్వరు, బస్సు ఇవ్వరు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నవాళ్లకు మాత్రం "ఆడింది చాల్లే" అనడానికి మంచి సాకు దొరుకుతుంది. సగం మంది పిల్లలు అక్కడితో ఆగిపోతారు. అది రవళికి తెలుసు.

క్లబ్ పెద్ద లింగన్న, గనిలో సర్దారుగా చేసి రిటైరైన మనిషి, పొద్దున్నే చెప్పి వెళ్లాడు.

"రాత్రికి కమిటీ కూసుంటది బిడ్డా. పిల్లలు నీ మాటే వింటరు. నువ్వు వద్దంటే కోచ్‌ను తీసేస్తం, ఉండనీ అంటే ఉంచుతం. పొద్దుగూకినంక దర్గా కాడికొస్త. ఒక్క మాట చెప్పు."

కోచ్ పేరు ఇమ్మానుయేల్. వచ్చి ఒక వానాకాలం కూడా పూర్తిగా దాటలేదు. ఆయనకు ముందు ఇద్దరు వచ్చి పోయారు. ఆ ఇద్దరినీ పంపించిన మాట కూడా రవళి నోటి నుంచి వచ్చిందే.

దర్గా పెద్ద గౌస్ బాబా వసారాలో కూర్చుని గులాబీల ముళ్లు గిల్లుతున్నాడు. మోకాలి దెబ్బతో ఇక ఆట మానేద్దామనుకున్న ఏడాది రవళి ఆయన దగ్గర శిష్యరికంలో చేరింది. అప్పటి నుంచి ప్రతి గురువారం సమాధి మీద పరిచే పూల చాదర్ అల్లేది ఆమే. గులాబీలను దారంతో గళ్లుగళ్లుగా ముడివేస్తూ వలలాగా అల్లాలి. ఆ పనిలో ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు.

"బాబా, మా కోచ్ అమ్ముడుపోయిండు."

బాబా తలెత్తలేదు. "ఎవరికి?"

"అదే తెల్వాలె. రుజువులైతే ఉన్నయి, వినుండ్రి."

కాలేజీ డిబేట్లలో అవతలివాళ్ల గొంతు ఎండగొట్టిన పిల్ల. వేళ్లు మడవడం మొదలుపెట్టింది.

"మా జట్టుల గోలు కొట్టే పిల్ల ఒక్కతే, మమత. ఆమెను తెచ్చి బెంచీ మీద కూసోబెడ్తడు. టైం రావాలె అన్నడంట ఆమెతోని. ఎప్పుడొస్తది టైం, మేం మునిగినంకనా? ఇంకోటి, బంతిని ముందుకు కొట్టుండ్రి అనడు. వెనక్కియ్యుండ్రి, గోల్‌కీపర్‌కు ఇయ్యుండ్రి అంటడు. వెనక్కి ఆడి గెలిచినోళ్లున్నరా బాబా? ఇవన్నీ పోనీ. మొన్న బస్టాండు కాడ అవతలి జట్టు మేనేజరుతోని టీ తాగుతుంటే మా గోల్‌కీపర్ పిల్ల కండ్లార చూసింది. నవ్వుకుంటున్నరంట. ఓడినోడికి నవ్వెట్లొస్తది?"

"టీ తాగితే తప్పా?"

"ఎవరితోని తాగిండన్నది పాయింటు."

"అచ్ఛా." బాబా ఇంకో ముల్లు గిల్లి పక్కన పడేశాడు. "బేటీ, నువ్వు దొంగతనం చూసినవా, ఓడిపోవుడు చూసినవా?"

"ఇన్నిసార్లు ఓడినంక రెండిటికీ తేడా ఏమున్నది?"

బాబా పూలగంపను ఆమె ముందుకు జరిపాడు.

"చాదర్ కానియ్యి. మాట తర్వాత."

మామూలుగా ఆమె అల్లడం మొదలుపెట్టగానే బాబా తస్‌బీ మాల పట్టుకుని లోపలికి వెళ్లిపోతాడు. ఈసారి వెళ్లలేదు. ఆమెకు ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. ఆమె వేళ్లనే చూస్తున్నాడు.

రవళి దారం చాచింది. మొదటి వరస ముడులు పడ్డాయి.

"ఆ పెద్ద గులాబీని పక్కకెందుకు పెట్టినవ్?"

"నడిమిట్ల పెట్టేటిది బాబా. ఇప్పుడే వేస్తే నలుగుతది."

"గంపల అన్నిటికన్న మంచి పువ్వు అదే గద."

"అందుకే ఆపిన."

"నడిమిట్లకా, ఇంటికా?"

రవళి చెయ్యి ఆగిపోయింది. వసారా ఊడుస్తున్న జహీరా బీ చీపురు కూడా ఆగింది. గేటు దగ్గర పూలమ్ముకునే సత్తెమ్మ మెడ చాచి చూసింది. అంటే ఏమిటి అర్థం? ఇన్నేళ్లలో దర్గా పువ్వొకటి ఆమె తలలో పెట్టుకున్నది ఎవరన్నా చూశారా?

"బాబా, నేనెప్పుడన్న ఒక్క పువ్వు ముట్టిన్నా?"

"నేను అన్ననా? అడిగిన. అల్లు, అల్లు."

అల్లింది. ముడి బిగుసుకోవాల్సిన చోట వదులైంది. వదులు ఉండాల్సిన చోట దారం తెగింది. తల దించుకునే ఆలోచిస్తోంది. ఈయనకు ఎవరో ఏదో ఎక్కించారు. ఎవరు? జహీరా బీనా? ఆమెకు ఎప్పటి నుంచో ఈ పని మీద కన్ను. లేకపోతే ఇమ్మానుయేల్ సారే ముందుగా వచ్చి చెవిలో ఊది పోయాడా?

"సార్ మీ కాడికి వచ్చిండా బాబా?"

"వచ్చిండనుకో."

"ఏం చెప్పిండు?"

"అది గూడ నువ్వే అనుకో."

జహీరా బీ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రవళి ఆ నవ్వును ఓరకంట చూసి లెక్కలో వేసుకుంది.

మూడో వరసకు వచ్చేసరికి ముందు వేసిన ముడులు లాగేస్తున్నాయి. ఆమె వెనక్కి జరిగి రెండో వరస సడలించింది.

"ఏందే, ముందుకు పోవాల్సింది వెనక్కొస్తున్నవ్?"

"వెనక సరిగ లేకుంటే ముందు నిలవదు బాబా!" గట్టిగానే అంది. అనేశాక ఆ మాట ఇంతకుముందు ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో గుర్తుకు రాలేదు. గుర్తు చేసుకునే తీరికా లేదు, ఆయన చూపు ఇంకా వేళ్ల మీదే ఉంది. ఒక గులాబీ ఆమె చేతిలోనే రేకులు రాల్చింది.

"లే," అన్నాడు బాబా. "నీతోని కాదు. జహీరా, నువ్వు కూసో."

రవళికి చెంప మీద కొట్టినట్టయింది. "ఇంకా సగం గూడ కాలే బాబా! ఇప్పుడెట్ల చెప్తరు అయితదో కాదో?"

"పొద్దు గూకుతున్నది బేటీ. ఎంతసేపు చూడాలె?"

లేచి స్తంభానికి ఆనుకుని నిలబడింది.

జహీరా బీ కూర్చుని ముందు చాదర్‌ను తిరగేసి చూసింది. పెదవి విరిచింది. "గీ పిల్ల ముడులన్నీ కుడి దిక్కు వేస్తది. నాది ఎడమ చెయ్యి వాటం. ఇట్లనైతే కలువదు." రెండు వరసలు విప్పి పారేసింది. పక్కకు తీసి పెట్టిన పెద్ద గులాబీని తీసుకుని, ఊరికే ఎందుకు వాడగొట్టాలని, మొదటి మూలనే కట్టేసింది.

జహీరా బీ చేతులు చురుగ్గానే ఆడాయి. ఒక వరస పడింది, ఇంకొకటి సగమైంది. బాబా ఆమె ఎదుట కూర్చుని అదే చూపు చూస్తున్నాడు.

"ఇంకా ఎంత?"

"మీరు గట్ల చూస్తే నాకు వేళ్లు ఆడయి బాబా."

"లే అయితే. సత్తెమ్మా, రా."

సత్తెమ్మ భయపడిపోయింది. "నాతోనా? నా చేతికి దారం పడదు బాబా. పుట్టినప్పటి నుంచి నారతోనే కట్టిన."

"నారతోనే కట్టు."

ఆమె గేటు దగ్గరి నుంచి తడి అరటినార తెచ్చుకుంది. దారం ముడులు చిక్కుగా ఉన్నాయని కొన్ని కోసింది. నారతో గబగబా దండలాగా కట్టుకుంటూ పోయింది, గళ్లు లేవు, వల లేదు. నార ముడి దారం మీద నిలవలేదు. ఒక చివర బిగిస్తే ఇంకో చివర జారింది.

"నేను చెప్తనే ఉన్న గద," అని గొణిగింది సత్తెమ్మ.

అప్పటికే డప్పుల వాళ్లు వచ్చేశారు. అగరుబత్తులు వెలిగాయి. మగవాళ్లు ద్వారం దగ్గర బారు కట్టారు.

"బాబా, ఇది వద్దు," అంది రవళి కంగారుగా. "బజారు నుంచి గుడ్డ చాదర్ తెప్పిద్దాం."

బాబా వినిపించుకోలేదు. ఆ చిక్కుల మూటను చాచి రెండు చేతుల మీద మోసుకుంటూ బయలుదేరాడు. అడుగడుక్కీ పువ్వులు రాలాయి. మూలన కట్టిన పెద్ద గులాబీ గడప దగ్గరే జారి, ఎవరి కాలి కిందో పడింది. సమాధి మీద పరిస్తే సగానికి కూడా రాలేదు.

జనంలో గుసగుస మొదలైంది. ఒక పెద్దాయన ఉండబట్టలేక అడిగాడు.

"ఈ వారం చాదర్ గిట్లున్నదేంది? ఎవరల్లిండ్రు?"

"నేనైతే కాదు," అంది జహీరా బీ. "నా చేతికొచ్చేసరికే చిక్కుపడి ఉన్నది."

"నన్ను చూస్తరేంది?" సత్తెమ్మ లేచింది. "నాది చివరి మూల మటుకే. ఆ దారం ఎవరిదో వాళ్లనడుగుండ్రి."

అందరి కళ్లూ రవళి మీదికి తిరిగాయి.

"నేను సరిగనే మొదలుపెట్టిన," అంది రవళి. "నా వరసలు విప్పేసిండ్రు. నన్ను చెయ్యనిస్తే..."

అక్కడ ఆగిపోయింది.

బాబా పెద్దాయన వైపు తిరిగాడు. "విన్నవు గద భాయ్. దీన్ని ఎవరూ అల్లలేదు."

ఫాతిహా చదివాడు. జనం కళ్లు మూసుకున్నారు. రవళి మూసుకోలేదు. సమాధి మీద దారమూ నారా పెనవేసుకున్న ఆ ముద్దను చూస్తూనే ఉంది.

ప్రసాదం పంచి జనం చెదిరాక ఆమె బాబా దగ్గరికి వచ్చింది. డిబేట్లో ఓడిపోయినా చివరి పాయింటు వదిలే మనిషి కాదు.

"బాబా, మీ లెక్క నాకు తెలిసింది. కానీ ఆయన నిజంగనే అమ్ముడుపోయి ఉంటే? అప్పుడు గూడ ఓపిక పట్టాల్నా?"

"దొంగైతే ఈ రాత్రే పంపియ్యి. ఒక్క దినం గూడ ఉంచకు."

ఆమె ఆశ్చర్యపోయింది. ఆ జవాబు ఊహించలేదు.

"మరి దొంగనో కాదో ఎట్ల తెలుస్తది?"

"నువ్వు నా కాడికి వచ్చి చెప్పినవ్. గోల్‌కీపర్ పిల్ల వచ్చి నీకు చెప్పింది. మమత చెప్పింది. లింగన్నకు నువ్వు చెప్తవ్, లింగన్న కమిటీకి చెప్తడు." బాబా చేతికి అంటిన రేకును దులుపుకున్నాడు. "ఇందాక పువ్వు ఇంటికా అని అడిగితే నీకు కోపమొచ్చింది. వచ్చినా నా మొహం మీదనే జవాబిచ్చినవ్. ఆయనకు ఆ భాగ్యం దక్కిందా?"

రవళి వసారా దిగి చెప్పులు వేసుకుంది.

బయట స్కూటర్ హారన్ మోగింది. లింగన్న గేటు దగ్గర ఒక కాలు నేల మీద ఆనించి కూర్చున్నాడు.

"ఏం బిడ్డా, ఉంచాల్నా, పీకాల్నా? ఆడ అందరు చాయ్ తాగుకుంట నీ మాట కోసమే చూస్తున్నరు."

"సార్ ఇల్లెక్కడ లింగన్నా?"

"చర్చి వెనక క్వార్టర్లల్ల. ఎందుకు? తిట్టనీకైతే కమిటీ ఉన్నది గద, నీకెందుకు శ్రమ?"

"మమతను ఎందుకు కూసోబెట్టిండో అడగాలె. ఆ మేనేజరుతోని ఏం మాట్లాడిండో అడగాలె."

"గదే ఊరంత అడుగుతున్నది."

"ఊరు ఊరినడుగుతున్నది. సార్‌ను ఎవరడిగిండ్రు?"

లింగన్న బుర్ర గోక్కున్నాడు. "కమిటీకి ఏం చెప్పాలె మరి?"

"ఆగుమను."

"ఎంతసేపు?"

రవళి స్కూటర్ వెనక ఎక్కింది. అనుమానం పోయిందా అంటే పోలేదు, అదీ ఆమెతోపాటు బండెక్కింది. లింగన్న గొణుక్కుంటూ చర్చి దారికి తిప్పాడు. వీధి దీపాల కింద ఇళ్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. ఎంత పెద్ద సభలోనైనా లేచి నిలబడగానే మాట అందుకునే పిల్ల, ఆ గుమ్మం ముందు మొదటి మాట ఏమనాలో తెలియక, దారి పొడుగునా పెదాలు కదుపుతూనే కూర్చుంది.