ఆదివారం చల్లబడ్డ నీళ్లు

సోమవారం ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలకు ఆచార్య దూసి భానుమూర్తి ప్రయోగశాల తాళం తీసి, మఫ్లరు కొక్కేనికి తగిలించి, చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకున్నారు. కిటికీ పక్కన పొడవాటి స్టీలు తొట్టె ఉంది. మూత పక్కకు జరిపి, నీళ్లలో మణికట్టు దాకా చెయ్యి ముంచి, కొంతసేపు అలాగే ఉంచారు. తర్వాత తువ్వాలుతో తుడుచుకుని, నాలుగు కుర్చీలు తొట్టె చుట్టూ వేశారు.

ఆయనకు అరవై ఒక్క ఏళ్లు. విశాఖలో సముద్రం వైపు కిటికీలున్న ఆ పరిశోధన కేంద్రంలో లోహాల బలం కొలవడమే ముప్పై నాలుగేళ్లుగా ఆయన పని. శిష్యులు ప్రశ్న అడిగితే వాదించరని, వస్తువు దగ్గరికి తీసుకెళ్లి వదిలేస్తారని పేరు. ఒకసారి ఒక విద్యార్థి ఒక కొత్త రకం పింగాణీ పలక చూపించి, ఇది పెళుసా మాస్టారూ అని అడిగాడు. ఆయన దాన్ని అతని చొక్కా జేబులో వేసి, సాయంత్రం దాకా క్యాంటీనుకీ లైబ్రరీకీ తిరిగి రమ్మన్నారు. సాయంత్రం ఆ విద్యార్థి నాలుగు ముక్కలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

శనివారం ప్రశ్న అడిగింది మజ్జి హైమ. నాలుగేళ్లుగా ఆయన దగ్గర పరిశోధన చేస్తోంది. వాళ్లు చేస్తున్నది ఒక స్క్రూ. విరిగిన ఎముకను పట్టి ఉంచడానికి బిగించేది, మెగ్నీషియం కలిసిన లోహంతో చేసినది. ఎముక అతుక్కున్నాక అది ఒంట్లోనే నెమ్మదిగా కరిగిపోతుంది. స్టీలు స్క్రూ అయితే చాలామందికి మళ్లీ కోసి తీయాలి. దీనికి ఆ రెండో కోత అక్కర్లేదు. చిక్కంతా ఒక్కటే. ఎముక అతుక్కునేలోపు కరగకూడదు. చీలమండ ఎముకకు కనీసం పన్నెండు వారాలు పట్టు కావాలని ఆస్పత్రి వాళ్ల షరతు. తొట్టెలో, మనిషి ఒంటి వేడి అంటే ముప్పై ఏడు డిగ్రీల దగ్గర, రక్తంలాంటి ఉప్పునీటి సీసాల్లో నానబెట్టి, వారం వారం కొన్ని బయటికి తీసి విరిచి చూస్తే, పదమూడు వారాలు నిలిచాయి. నివేదిక తయారైంది. భానుమూర్తి, హైమ, కేంద్రం డైరెక్టరు ముగ్గురూ శుక్రవారం సంతకాలు పెట్టారు. రాబోయే గురువారం మొదటి రోగికి ఆ స్క్రూ బిగించాలి.

శనివారం సాయంత్రం హైమ ఆయన గదిలోకి వచ్చి కూర్చోలేదు.

"మాస్టారూ, కరిగేటప్పుడు వచ్చే బుడగలు ఆదివారం తప్ప రోజూ పదింటికి కొలుస్తాం కదా. సోమవారం కొలతలో రెండు రోజుల బుడగలు ఉండాలి. ఒక్క సోమవారం కూడా లేవు. గొట్టానికి అంటుకుపోతున్నాయేమో అనుకున్నాం. మొన్న సోమవారం మా ఊరి బస్సు తొందరగా వచ్చేసింది. ఏడింటికే వచ్చాను. తొట్టె చల్లగా ఉంది."

ఆయన కళ్లజోడు తీశారు.

"ఆరోజు కరెంటు పోయిందేమో అనుకున్నాను. ఇవాళ మన అటెండరు పైడయ్యను అడిగాను. సెలవు ముందు రోజు సాయంత్రం ఈ అంతస్తు మెయిన్ స్విచ్ దించేస్తాడట. విద్యుత్ పొదుపు సర్క్యులర్ ఉంది. సోమవారం ఏడున్నరకు మళ్లీ ఎత్తుతాడు. మనం వచ్చేసరికి నీళ్లు వేడెక్కి ఉంటాయి. పదమూడు ఆదివారాలు, మూడు రెండో శనివారాలు. చల్లటి నీళ్లలో కరగడం సగానికి పడిపోతుంది. ఆ గంటలు సగమే లెక్క వేస్తే పదకొండు వారాలకు కాస్త పైన వస్తోంది."

పన్నెండు రావడం లేదన్నమాట.

"మాస్టారూ, ఇది మంచి పని. పదిమందికి రెండో కోత తప్పుతుంది. నిజం చెబితే ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుందో లేదో తెలీదు. అలాంటప్పుడు కూడా చెప్పాలా?"

భానుమూర్తి కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "సోమవారం ఏడింటికి రా. పైడయ్యను ఎప్పటిలాగే స్విచ్ దించనివ్వు, అతన్ని ఏమీ అనొద్దు," అన్నారు. తర్వాత డైరెక్టరుకూ, ఆస్పత్రి ఎముకల డాక్టరుకూ ఫోను చేసి, సోమవారం పదకొండింటికి అనుకున్న సమావేశం ఏడింటికి, అదీ ప్రయోగశాలలో అని చెప్పారు. ఎందుకని డైరెక్టరు అడిగితే, రాకపోతే నా సంతకం వెనక్కి తీసుకుంటాను అని ఫోను పెట్టేశారు.

అందుకే ఆ నాలుగు కుర్చీలు.

హైమ ఏడుకు ఐదు నిమిషాల ముందే వచ్చింది. డైరెక్టరు చామర్తి విశ్వేశ్వర్ ఏడుంపావుకు, ఎముకల డాక్టరు ఏసుపాదం ఆయన వెనకే వచ్చారు. విశ్వేశ్వర్ ఇరవై రెండేళ్ల కిందట ఇదే గదిలో భానుమూర్తి శిష్యుడు. ఇప్పుడు కేంద్రమంతా ఆయన మాట మీద నడుస్తుంది.

"చెయ్యి పెట్టు విశ్వం."

"ఏంటి మాస్టారూ, పొద్దున్నే మాకు తీర్థస్నానాలా?"

"వాచీ తీసి పెట్టు."

విశ్వేశ్వర్ నవ్వి, రెండు వేళ్లు ముంచి తీసేశారు. ఏసుపాదం చొక్కా మడిచి చెయ్యంతా ముంచారు. మొహం మారింది. బల్ల మీది థర్మామీటరు అడగకుండానే తీసి నీళ్లలో పెట్టారు. ఇరవై ఆరు.

"ఇదే తొట్టెనా?" అన్నారు.

"ఇదే," అంది హైమ. శనివారం చెప్పిందంతా మళ్లీ చెప్పింది.

ఏడున్నరకు పైడయ్య వచ్చాడు. నడవా చివర పెట్టె తెరిచి మెయిన్ స్విచ్ ఎత్తాడు. తొట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. గదిలో ఇంతమందిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

విశ్వేశ్వర్ లేచారు. "నీకు బుద్ధుందా? కోట్ల ప్రాజెక్టు నీళ్లపాలు చేశావు!"

"నానేటి సేసినాను బాబూ? సెలవైతే మెయిన్ దించేయమని కాయితం గోడకి అంటించారు. ఆరేళ్లయింది. దించకపోతే మెమో అన్నారు. ఆ నీళ్లలో ఏటుందో నాకు ఒక్కలైనా సెప్పారా?"

"వాడిని వదిలెయ్ విశ్వం," అన్నారు భానుమూర్తి. "తన పనిలో ఒక్కరోజు కూడా తప్పు చేయనిది ఈ అంతస్తులో అతనొక్కడే. నాలుగేళ్లుగా నేను సోమవారం పదింటికి వస్తున్నాను. నాకు ఆరింటికి మెలకువ రాదా?"

పైడయ్య తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఎవరూ పొమ్మనలేదు.

విశ్వేశ్వర్ కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించారు. ఆయన చెడ్డవాడు కాదు. ఈ ప్రాజెక్టు కోసం ఢిల్లీకి పదహారుసార్లు తిరిగిన మనిషి.

"మాస్టారూ, ఒకసారి వినండి. కుందేళ్లలో బాగానే నిలిచింది కదా?"

"కుందేలు ఎముక ఆరు వారాల్లో అతుక్కుంటుంది సార్," అన్నారు ఏసుపాదం.

"సరే. పన్నెండుకీ పదకొండుకీ తేడా ఎంత? అందరి ఎముకలూ ఒకేలా ఉంటాయా? ఇవాళ్టి నుంచి స్విచ్ దించొద్దని చెబుదాం, కొత్త పరీక్ష పక్కన నడుస్తుంది, రోగులది ఇటు నడుస్తుంది. పేపరు తెరిస్తే ఏం కనిపిస్తోంది మాస్టారూ? ఒకళ్లు గుండె గోడకు అతికించే పట్టీ చేశారు. ఒకళ్లు ఎముకనే అచ్చు తీస్తున్నారు. బీట పడితే తనే పూడ్చుకునే కాంక్రీటట, పోయిన నెల చూపించారు. లోకమంతా పరిగెడుతుంటే మనం ఇక్కడ ఆదివారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుందామా?"

"కూర్చుందాం," అన్నారు భానుమూర్తి. "ఒంటికి ఆదివారం సెలవు లేదు కదా."

"మీరు కాదంటే ఇంకొకరితో సంతకం పెట్టించగలను. అది మీకు తెలుసు."

"తెలుసు. పెట్టించు. ఆ పెట్టేవాణ్ణి కూడా ముందు ఇక్కడికి తీసుకొచ్చి చెయ్యి పెట్టించు."

ఆయన నివేదిక తెరిచారు. ఆ ప్రయోగశాలలో ఒక పద్ధతి ఉంది. పుస్తకంలో తప్పు రాస్తే చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు, కాగితం చించకూడదు. కింద రాసింది కనిపించేలా ఒకే ఒక్క గీత గీయాలి, పక్కన పొడి అక్షరాలు, తేదీ, సమయం వేయాలి. చేరిన మొదటి రోజే ప్రతి శిష్యుడికీ ఆయన నేర్పేది ఇదే. విశ్వేశ్వర్‌కూ ఒకప్పుడు నేర్పారు. కానీ అది చిత్తు పుస్తకాల పద్ధతి. సంతకాలు పడి, సీలు వేసిన నివేదిక మీద ఆ పని ఎవరూ చేయలేదు.

భానుమూర్తి 'పదమూడు వారాలు' అన్న చోట ఒక గీత గీశారు. పైన 'తెలియదు' అని రాశారు. దూ.భా., తేదీ, ఏడు నలభై ఎనిమిది.

విశ్వేశ్వర్ ఆ గీత మీద వేలు పెట్టారు. "కనీసం పదకొండు అని రాయండి మాస్టారూ. తెలియదు అని రాస్తారా? ప్రభుత్వానికి పంపే కాగితంలో తెలియదు అని ఎవరైనా రాస్తారా?"

"పదకొండు హైమ కాగితం మీద వేసిన లెక్క. పదకొండో వారం స్క్రూను ఎవరూ వెచ్చని నీళ్లలోంచి తీసి విరిచి చూడలేదు. చూసినరోజు రాస్తాను."

కలం బల్ల మీద పెట్టారు. హైమ వైపు జరపలేదు, వెనక్కీ తీసుకోలేదు. గీత పక్కన ఇంకో పేరుకు చోటు ఉంది.

హైమ ఆ కలం వైపు చూసింది. విశ్వేశ్వర్ కూడా చూశారు.

"హైమా, నీ ఫెలోషిప్ మార్చితో అయిపోతుంది. ఇది ఆగితే పొడిగించమని రాయడానికి నా దగ్గర కారణం ఉండదు. బెదిరించడం లేదమ్మా, ఉన్నది చెబుతున్నాను. పరీక్ష మళ్లీ మొదలుపెడితే ఏప్రిల్ దాటుతుంది. తెలుసుగా?"

"తెలుసు సార్," అంది హైమ. "మార్చిలో కూడా ఆదివారాలుంటాయి. వాటికీ వస్తాను. ఏప్రిల్లో గేటు దగ్గర ఆపమని చెప్పండి, అప్పుడు చూద్దాం."

కలం తీసుకుని పొడి అక్షరాలు వేసింది. సమయం వేసేటప్పుడు గడియారం వైపు చూసి, మాస్టారి అంకె కింద ఏడు యాభై ఒకటి అని రాసింది. గుమ్మం దగ్గర పైడయ్య, "మరి శనోరం మెయిన్ దించమంటారా, వద్దంటారా? ఏదో ఒకటి కాయితం మీద రాసిచ్చేయండి," అన్నాడు. నవ్వింది ఏసుపాదం ఒక్కరే. మరుక్షణం ఆయనా నవ్వు ఆపేశారు.

"ప్రొఫెసర్ గారూ, గురువారం నా బల్ల మీదికి ఒక మనిషి రావాలి. కర్రి నూకరాజని, హార్బరులో ఐసు దిమ్మలు మోస్తాడు. మీ స్క్రూ వేస్తే మళ్లీ కోత ఉండదని నేనే నచ్చజెప్పాను. ఇప్పుడు స్టీలుది వేయాలి. అతనికి ఏం చెప్పమంటారు?"

భానుమూర్తి తొట్టె మూత మూసి, మఫ్లరు తీసుకుని బయటికి నడిచారు. నివేదిక బల్ల మీదే ఉంది. ఎర్ర దీపం వెలుగుతోంది. విశ్వేశ్వర్ ఆ కాగితాలు చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయారు. వాటిని పైకి పంపుతారో లేదో ఆ రోజు ఎవరికీ తెలియలేదు.

శనివారానికి తెలిసింది. నివేదిక గీతతో సహా వెళ్లింది. గురువారం నూకరాజు చీలమండలో స్టీలు స్క్రూలు రెండు బిగించారు. హైమ కొత్త సీసాలు తొట్టెలో పెట్టి మొదటి రోజు అని రాసుకుంది.

నూకరాజు ఉన్న వార్డు పెద్ద నర్సు చెప్పిన సంగతి ఇంకొకటి ఉంది. ఆపరేషను ముందు రోజు మధ్యాహ్నం, చూడ్డానికి వచ్చేవాళ్ల వేళలో, భానుమూర్తి సిటీ బస్సులో వచ్చారు. డాక్టరుకు చెప్పలేదు. నూకరాజు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని జరిగిందంతా చెప్పారు. నూకరాజు గొంతు వార్డంతా వినిపించిందట.

"ఏడాదికి మళ్లీ కోయించుకోవాలా? మళ్లీ నెల్లాళ్లు మంచమా? మీ తప్పుకి నా కాలేటి బాబూ?"

"అవును," అన్నారట భానుమూర్తి.

"ఇంతకీ ఏటా తప్పు?"

"ఆదివారాలు నీళ్లు చల్లారిపోయాయి. నేను చూసుకోలేదు."

నూకరాజు పడుకున్నవాడల్లా మోచేతుల మీద లేచాడు. "మా ఐసు ఫ్యాట్రీలో ఆదోరం కూడా మీటరు సూత్తాం. గంటగంటకీ. సదువుకున్నోళ్లు, మీకా మాత్రం తెలీదా?"

భానుమూర్తి తల ఊపారు. లేచి వెళ్లబోతుంటే నూకరాజు వెనక నుంచి పిలిచాడు. కోపం తగ్గలేదని, కానీ గొంతు తగ్గించాడని నర్సు చెప్పింది.

"ఒక మాట సెప్పండి. మీరు రాకపోతే, ఇదంతా సెప్పకపోతే, నాకు తెలిసేదేటి?"

"తెలిసేది," అన్నారు భానుమూర్తి. "నడవడం మొదలుపెట్టాక."